ఉప్పు చూసేదెవరు

శామీర్‌పేట చెరువు దాటాక కట్టిన కొత్త కాలనీలో జబీన్, ఆమె భర్త రిజ్వాన్ ఇద్దరే ఉంటారు. వంటల కొలతలు, సరుకుల చిట్టా దాచుకోవడానికి రిజ్వాన్ పాత కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టాడు. దానికి నెట్ లేదు. ఇంట్లోంచి తప్ప ఎవరూ తెరవలేరు.

రంజాన్‌లో జబీన్ ఆ కొలతలనే నమ్ముకుంది. రోజా ఉపవాసంలో ఉప్పు చూడడం ఆమెకు ఇష్టం లేదు. కానీ కంప్యూటర్‌లో ఆమె రాసుకున్న ఉప్పు కొలత, కూర దించేలోపే మారిపోయేది. మారిన ప్రకారం మరికాస్త వేస్తే సరిగ్గా కుదిరేది.

"మీరేనా మార్చేది?" సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ దగ్గర అడిగింది.

"నేనెట్ల మారుస్త? నాగ్గూడ రోజానే గద. రుచి జూడకుంట ఎట్ల తెలుస్తది?"

ఆ మాట ఆమెను వదల్లేదు.

ఆ రాత్రి, తెల్లవారకముందు తినే సహరీకి దాల్చా వండుతూ కావాలనే ఉప్పు వేయలేదు. మూతపెట్టి, ముందుగదిలో కంప్యూటర్ ఎదుట కూర్చుంది. పక్కనే రిజ్వాన్ గాఢనిద్రలో ఉన్నాడు.

వంటింట్లో మూత కదిలింది. గరిటె గిన్నెకు తగిలింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

జబీన్‌కు భయం కంటే ఆత్రమే ఎక్కువైంది. తెర మీద ఉప్పు కొలత మారలేదు. దాని కింద మెల్లగా అక్షరాలు పడ్డాయి.

"ఇయ్యాల ఉప్పెయ్యలే. నన్ను జూద్దామనేనా?"

జబీన్ కీబోర్డు దగ్గరికి లాక్కుని "అవును" అని కొట్టింది.

వంటింట్లో ఎవరో గరిటె కింద పెట్టారు.