తోకచుక్క స్టిక్కు

ఆ స్టిక్కులు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. తమ్ముడు పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, ఎలాగో ఒక హాకీ స్టిక్కు సంపాదించాడు. తెచ్చి, మంచం మీద కూర్చున్న అన్నయ్య చేతిలో పెట్టాడు.

"గుర్తుపట్టావా అన్నయ్యా?"

అన్నయ్య స్టిక్కు వంపును నేలకేసి తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ఫైబర్‌తో చేసిన కాంపోజిట్ స్టిక్కు లోపల ఎక్కడ చిట్లినా డొల్ల చప్పుడొస్తుంది. ఇది ఖంగుమంది.

"తోకచుక్క! ఊరూ పేరూ లేని సరుకని అందరూ నవ్వేవాళ్లు. దీంతో పెనాల్టీ కార్నర్ కొడితే నోళ్లు మూతపడేవి!"

తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది.

అన్నయ్య స్టిక్కును జాగ్రత్తగా తిరిగిచ్చాడు. "మా తమ్ముడు ఇది తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. వాడొచ్చేదాకా ఎవరికీ అమ్మకండి సార్."

తమ్ముడు స్టిక్కు అందుకున్నాడు.

"అలాగేనండీ," అన్నాడు.