గంజి తాగిన వెండి పోగు

"చూడు పెద్దమ్మా, ఉలుకూ పలుకూ లేదు!" అంటూ లైబ్రరీ హాల్లో వేలాడుతున్న తెరని అరచేత్తో చరిచాను.

చెయ్యి తగిలినచోట ఆ తెర వెలగాలి. ఆర్నెల్లు కూచుని దాని డిజైను గీశాను. ప్రారంభోత్సవం రేపే.

తెర నేసిన తిమోతెయా నింపాదిగా అంది: "నువ్విచ్చిన వెండి పోగు ఎక్కడా తెగలేదు ఇంగ్రిద్."

"మరి కరెంటెందుకు పారదు? చెప్పింది చెప్పినట్టు చెయ్యడం చేతకాదా మీకు?"

నేను విసుగ్గా, కరెంటు తీగ కలిపినచోట పోగుని గోటితో గీరాను. తెల్లటి పొడి రాలింది.

"ఏంటిది?"

"మొక్కజొన్న గంజి. మగ్గమెక్కేముందు ప్రతి పోగుకీ పెడతాంగా."

"నా పోగుక్కూడానా? అది లోహం పెద్దమ్మా!"

"అన్నిటికీ పెట్టి, మా ఇంటికొచ్చిన నీ పోగునొక్కదాన్నీ పస్తుంచమంటావా?"

తడిగుడ్డతో ఆ కొసని తుడిచి, తీగ మళ్ళీ బిగించి, తెర మీద చెయ్యి పెట్టాను. నా వేళ్ళ కింద పసుపు వెలుగు పాకింది.

తిమోతెయా ఆ వెలుగువంక చూడనేలేదు.

"మా ఊరు కొమలాపా వచ్చే బస్సులో పోగులు పడేసి పంపే బదులు, ఒక్కసారి మా వాకిట్లోకొచ్చి కూచునుంటే, దీనికి గంజి పడదని అప్పుడే చెప్పేదానివి కదే!"