ఒరిజినల్ సర్టిఫికెట్

“చూసుకోండి, జెరాక్స్ తీసుకోండి. ఒరిజినల్ మాత్రం ఇవ్వనండి,” అంది అఖిల, సర్టిఫికెట్ మీద చెయ్యి తియ్యకుండానే.

భీమశంకరం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఏలూరులో ఆ ఆసుపత్రికి ఆయన మేనేజరు. సోమవారం కొత్త వార్డు తెరవాలి. దానికి నర్సింగ్ అసిస్టెంట్లు కావాలి. బయట వరండాలో ఇరవైమంది అమ్మాయిలు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మొట్టమొదట లోపలికొచ్చిన పిల్లే ఇలా అడ్డం తిరిగింది.

“ఇక్కడి పద్ధతి అదేనమ్మా. రెండేళ్ళు పనిచేశాక నీ కాగితం నీకిచ్చేస్తాం.”

“ఈలోగా ఇంకోచోట మంచి ఉద్యోగం వస్తేనండీ?”

“అందుకేగా ఉంచుకునేది!”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అఖిల నవ్వలేదు. ఆయనకి ఒళ్ళు మండింది.

“ఈ కోర్సు చేసినదాన్ని ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారనుకున్నావ్?”

“పిలుస్తారండి. మంచాన పడ్డ మనుషులు లేని ఊరుందా? వాళ్ళని లేపి కూర్చోబెట్టేది మేమేగా.”

అంతలో పక్క గదిలోంచి పెద్ద కేక వినిపించింది. చెరువు గట్టు మీద జారిపడి తుంటి ఆపరేషన్ చేయించుకున్న జగ్గారావుగారిది. ఇద్దరు ఆయాలు దుప్పటి మార్చడానికి ఆయన్ని భుజాలు పట్టి లాగుతున్నారు. భీమశంకరం లేచేలోపే అఖిల అక్కడుంది.

“ఆగండాగండి. బాబాయిగారూ, మీ మోకాళ్ళ మధ్య దిండు పెడుతున్నాను. ఇప్పుడు నెమ్మదిగా అటు తిప్పుతాం. సరేనాండీ?”

దుప్పటి మారింది. కేక మళ్ళీ వినిపించలేదు.

“ఈ పిల్లని వదులుకోకండి మేనేజరుగారూ,” అన్నాడు జగ్గారావు, చెమట తుడుచుకుంటూ.

గదిలోకి తిరిగొచ్చాక భీమశంకరం గొంతు తగ్గించాడు. “సరే, నీ ఒక్కదాని కాగితం అడగను. బయట ఎవరితోనూ అనకు.”

“నా ఒక్కదానికైతే వద్దండి. ఎవరి దగ్గరా తీసుకోబోమని రాసి గోడకి అంటించండి.”

“నాకు పద్ధతులు నేర్పుతున్నావా? నడు బయటికి!”

ఆమె నమస్కారం పెట్టి మరీ వెళ్ళింది. భీమశంకరం బెల్లు కొట్టాడు. అటెండరు వెస్లీ తల లోపలికి పెట్టాడు.

“తర్వాతి అమ్మాయిని పంపు.”

“ఎవరూ లేవట్లేదండి. ఒరిజినల్ అడగబోమని రాసిస్తేనే వస్తారంటండి.”

భీమశంకరం వరండాలోకి తొంగిచూశాడు. ఇరవైమందీ ఫైళ్ళని గుండెలకి హత్తుకుని, ఆయన కళ్ళలోకే చూస్తున్నారు. ఒక్కరూ తల దించలేదు. పక్క గదిలో జగ్గారావు ఇందాకటి పిల్ల కావాలని గోల పెడుతున్నాడు. సోమవారం ఎంతో దూరంలో లేదు.

ఆయన లెటర్‌హెడ్ లాగి, నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి, స్టాంపు గుద్దాడు. వెస్లీ దాన్ని గోడకి అంటించాడు. అమ్మాయిలు గుమిగూడి చదువుకుని, ఒకరి వెనుక ఒకరు వరసగా నిలబడ్డారు.

భీమశంకరం రిజిస్టరు పట్టుకుని, వరండాలో ఓ పక్కన నిలబడ్డ అఖిల దగ్గరికి తనే వెళ్ళాడు. “గెలిచావులే తల్లీ. మొదటి సంతకం నువ్వే పెట్టు. సోమవారం నుంచి డ్యూటీ.”

“నాకెందుకండీ?” అంది అఖిల. “తాడేపల్లిగూడెంలో రెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. వీళ్ళంతా నా జూనియర్లు. ఈ పూట వీళ్ళకోసం సెలవు పెట్టి వచ్చాను.”