రాహేలమ్మ వంతు

“ఊఁ, ఇప్పుడు నువ్వు ఉమ్ము!” అన్నాడు లేవి అయ్యవారు రాహేలమ్మతో, ఓబులేసు రెక్క గట్టిగా పట్టుకుని.

కమలాపురం దగ్గరి ఆ మిషన్ బడిలో ఓబులేసు రోజూ ఎవరో ఒకరి మీద ఉమ్మేవాడు. బెత్తం విరిగినా మానలేదు. ఆ రోజు రాహేలమ్మ మొహం మీదే ఉమ్మాడు. అందుకే తరగతినంతా వరుసగా నిలబెట్టి, వాడి మొహాన ఉమ్మించాడు అయ్యవారు. చివరి వంతు రాహేలమ్మది.

ఆ పిల్ల కదలలేదు.

“భయమా? నేనుండాను గదా!”

“భయం గాదు అయ్యోరా. వాడు ఉమ్మినప్పుడు శానా రోత పుట్నాది. మీరు ఉమ్మమంటాంటే అంతకన్నా రోతగా ఉండాది.”

లేవి పట్టు సడలింది. అప్పుడు గాని అతను ఓబులేసు మొహం చూడలేదు. కనురెప్పల నుంచి గడ్డం దాకా పిల్లల ఎంగిలి కారుతోంది. వరుసలో అందరూ నవ్వుతున్నారు. ఒకడు రెండోసారి ఉమ్మడానికి మళ్ళీ ముందుకొస్తున్నాడు. ఇది నేర్పింది తనే.

లేవి తను తాగే నీళ్ళ చెంబు తెచ్చి, ఓబులేసు మొహం తన చేతులతోనే కడిగాడు.

“తప్పు నాదిరా ఓబులేసూ,” అన్నాడు అందరూ వినేలా.

అంతసేపూ బిగుసుకుని నిలబడ్డ ఓబులేసు, రాహేలమ్మ వైపు చూసి బావురుమన్నాడు.