పలచన

ఆ తనిఖీ అమ్మాయి తన కుర్చీకి ఎసరు పెట్టడానికే వచ్చిందని మాస్టారికి మొదటిరోజే అనుమానం.

అద్దాలకు లేజరుతో పూత వేయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. మూసిన పెట్టెలో లేజరు లోహపు బిళ్ళను కొడుతుంది. ఊదారంగు ఆవిరి లేచి, తలుపంత అద్దం మీద పొరగా కూర్చుంటుంది. చిన్న కిటికీలోంచి చూస్తూ కిరణాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిపించేది మాస్టారే. పొర వెంట్రుకలో వెయ్యోవంతు. ఎక్కడా హెచ్చుతగ్గులు ఉండకూడదు.

"ఇంకొక్క అద్దం తిరిగొచ్చిందా, మిమ్మల్ని ప్యాకింగులో కూర్చోబెడతా" అని మేనేజరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఈ అమ్మాయి వచ్చి మూడు వారాలు. ఒక్కటీ తిరిగి రాలేదు. మరి ఇంకా ఏం వెతుకుతున్నట్టు?

పిల్లిలా తిరుగుతుంది. ఉన్నట్టుండి పక్కన ప్రత్యక్షం! మొన్న ఉలిక్కిపడి మాస్టారు టీ అంతా చొక్కా మీద ఒలకబోసుకున్నారు.

"కప్పు కుడిపక్క పెట్టుకోండి బాబాయ్‌గారూ" అని పాఠాలొకటి. నోరారా బాబాయ్ అంటూనే గోతులు తీస్తోంది. ఆయన షిఫ్టు దిగాక కూడా మిషను నడుస్తోందని వాచ్‌మన్ చెవిన వేశాడు.

"నా పనితనం కాపీ కొడుతోందే. రేపు నన్ను సాగనంపుతుంది" అని భార్య దగ్గర వాపోయారు.

"ముందు తలుపు చూసుకుని నడవండి. ఎడమ భుజం మళ్ళీ కమిలింది" అందావిడ.

ఇవాళ భోజనాల బెల్లు కొట్టారు. గదిలో ఎవరూ కనిపించలేదు. ఆ అమ్మాయి నోటుబుక్కు బల్ల మీదే ఉంది. మాస్టారు ఆగలేకపోయారు.

'పదకొండో అద్దం: ఎడమ అంచు పలచన. మళ్ళీ పూత వేశాను. పైకి చెప్పలేదు. పన్నెండు: ఎడమ అంచు పలచన. మళ్ళీ వేశాను. పైకి చెప్పలేదు.' పేజీ పేజీకీ అదే పాట.

చెప్పకుండా కూడబెడుతోందన్నమాట, అంతా ఒక్కసారే పేల్చడానికి! ఆయనకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున తను పూత వేసిన అద్దం ముందుకెళ్ళి దీపం వేశారు. నిగనిగలాడుతూ అంతా ఒకటే నీలం.

"ఎక్కడమ్మా పలచన? ఈ చివర నుంచి ఆ చివరదాకా నిక్షేపంలా ఉంటే! చాటున చేరి నన్ను పలచన చేస్తావా?" అని ఖాళీ గది మారుమోగేలా తిట్టారు.

"బాబాయ్‌గారూ, నేను ఇందాకటి నుంచీ మీ ఎడమపక్కనే నిలబడి ఉన్నాను" అంది ఆ అమ్మాయి మెల్లగా.