ఊరి వాటా

"రోడ్డు లేక చేప సంతకు పోయేలోపే మెత్తబడతా ఉందమ్మా," అన్నాడు ముత్యాలయ్య.

"నిధుల్లేవు పెద్దాయనా. పన్నులు కట్టేవాళ్ల డబ్బుతో గదా రోడ్లేసేది," అంది గుమాస్తా భానుప్రియ తల ఎత్తకుండానే.

పులికాట్ సరస్సు ఒడ్డు నుంచి ఈ మండలాఫీసుకు రావడం అతనికిది ఆరోసారి. ఆరుసార్లూ నిలబడే అడిగాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది, మోకాళ్లు పీకుతున్నాయి. అయినా కూర్చోలేదు. వాళ్ల జాలరిపల్లె కుప్పంలో పడవ ఒడ్డుకు రాగానే ముందు ఊరి వాటా చేపలు తీసి పక్కన పెడతారు. వాటా ఇచ్చినవాడు ఊరి పంచాయితీలో చాప మీద కూర్చుని మాట్లాడతాడు, ఇవ్వనివాడు నిలబడతాడు. సర్కారుకు తానేమిచ్చాడని కూర్చోవడం?

అతని చేతిలోని అర్జీ మడతలోంచి ఏదో కాగితం జారింది. భానుప్రియ తీసి చూసింది.

"ఇది మీరు వల కొన్న బిల్లు."

"అడుగున ఏందో కలిపినాడమ్మా కొట్టాయన. చెప్పిన ధర కంటే ఎక్కువ తీసుకున్నాడు."

"అది పన్ను. సర్కారుకు పోతుంది."

"అంటే, నేను కట్టినట్టా?"

"వల కొన్నా, సబ్బు కొన్నా కట్టినట్టే. ఎప్పటినుంచో కడతానే ఉన్నారు," అంటూ ఆమె ఆవలించింది.

ముత్యాలయ్య ఆ బిల్లు అందుకుని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ మీద దుమ్ము దులిపాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు. "రోడ్డు ఎప్పుడేస్తారు?"