నాలుగో నంబరు క్యాసెట్

నర్మద కొంగు చాటునుంచి క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"రేపు ఎవ్వలన్న వచ్చి అడిగితే, మా ఇంటాయన గీ నాలుగో నంబరు మూడుసార్లు కిరాయికి కొంటవోయిండని చెప్తవా, అంబదాసన్నా?"

జమ్మికుంటలో వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చే అంబదాస్ ఆమె ముఖం చూసి కుర్చీలోంచి లేచాడు. "ఏమైంది వదినె? హనుమండ్లన్నతోని కొట్లాటైందా?"

"కొట్లాటైతే నయముండు. వారం రోజులసంది నాతోని సరిగ మాట్లాడుతలేడు. ఏందో కాయితాలు పెట్టెల వెట్టి తాళమేసిండు. మా ఇంట్ల టీవీ లేదు, దోస్తు ఇంట్ల కూసొని గిదే చూసొస్తుండు. నిన్నేమో, 'ఎల్లుండి పొద్దుగాల కొత్త బాయికాడికి పోదాం, మనిద్దరమే, ఎవ్వలకు చెప్పకు' అన్నడు."

"అంటే ఏమాయె?"

"గీ సీరియల్ టీవీల వచ్చినప్పుడు పక్కింట్ల కూసొని చూసిన. వారానికో కత. నాలుగో వారం కత ఇంకా యాదికున్నది. మొగడు బాయి చూపిస్తనని పెండ్లాన్ని తోల్కపోయి అండ్ల నూకేస్తడు."

ఆమెకు వారంగా కంటి మీద కునుకు లేదు. పక్కన భర్త అటు నుంచి ఇటు దొర్లినా చాలు, ఉలిక్కిపడి లేచి గోడకు ఆనుకుని కూర్చుంటోంది.

అంబదాస్ క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. పెట్టె మీద సీరియల్ పేరు, దాని కింద నంబరు. ఇంకేమీ లేదు.

"పొరపాటు పడ్డవ్ వదినె. టీవీల లెక్క వేరు, క్యాసెట్ల లెక్క వేరు. సీరియల్ రెండేండ్లు నడిచింది గద, మొదటేటి టేపులన్ని ఖరాబైనయంట. కంపెనోళ్లు రెండో ఏటి కతలకే ఒకటి కాడికెల్లి నంబర్లేసి తీసిండ్రు. నువ్వు చెప్పే బాయి కత అసలు క్యాసెట్ల రానే లేదు."

"మరి గీ క్యాసెట్ల ఏమున్నది?"

"మొగడు పెండ్లాం పేరు మీద చెలక భూమి కొని, చెప్పకుంట తోల్కపోయి చూపిస్తడు." అంబదాస్ గొంతు తగ్గించాడు. "నేను చెప్పిననకు. కొత్త బాయి, దాని కింది రెండెకరాలు అన్న నీ పేర రిజిస్ట్రీ చేయించిండు. సాక్షి సంతకం నాదే. నీకెట్ల చెప్పాల్నో తెల్వక, సిగ్గుకు మల్ల మల్ల గిదే కత చూసుకుంటుండు."

నర్మద అతని చేతిలోని క్యాసెట్ మీది నంబరును మళ్లీ చదివింది.

"ఇగ ఫికర్ వెట్టుకోకు," అని నవ్వాడు అంబదాస్.

ఆమె గోడ గడియారం వంక చూసింది. పన్నెండు దాటింది.

"బువ్వకు ఇంటికొచ్చే యాళ్లయింది," అంటూ, గడప దగ్గర విడిచిన చెప్పులు కూడా తొడుక్కోకుండా ఎండలో పడి పరుగెత్తింది.

హనుమండ్లు తినడానికని మూతపెట్టి వచ్చిన పులుసులో, పొద్దున్నే ఆమె పత్తి పురుగుల మందు కలిపింది.